గోలీకి తగ్గిన నొప్పి... తుంటిలో దాగిన చీము

తుంటి కీలు మార్పిడి చేయించుకుని మళ్లీ గల్ఫ్‌ బాట పట్టిన మనవాళ్లు క్యాంపుల్లో కనబడుతూనే ఉంటారు. ఏడాదికో రెండేళ్లకో నొప్పి తిరగబెడితే ‘పని ఎక్కువైంది’ అనుకుని ఓ గోలీ మింగి పడుకుంటారు. మా సైట్‌లో ఒక అన్న అలాగే చేశాడు. ఆ గోలీలు ఇచ్చింది నేనే.

దుబాయ్‌: నేను సివిల్‌ డిప్లొమా చేసి గల్ఫ్‌కు వచ్చి పన్నెండేళ్లయింది. మాది జగిత్యాల దగ్గర పల్లె. సైట్‌లో కాంక్రీట్‌ పోస్తే క్యూబులు తీయించి 7 రోజులకు ఒకసారి, 28 రోజులకు ఒకసారి పగలగొట్టి చూడనిదే నా సంతకం పడదు. అలాంటి నేను ఒక మనిషి రక్తపరీక్ష రిపోర్టును ఫోన్‌లో పైపైన చూసి ‘ఏం లేదన్నా, నార్మలే’ అని చెప్పేశాను. ఆ మాట ఆయనకు ఎంత నష్టం చేసిందో తర్వాత గానీ తెలియలేదు.

ఆయన మా షట్టరింగ్‌ మేస్త్రి. నలభై అయిదేళ్లు దాటినయి. మా పక్క మండలమే. ‘పేరు రాయకు తమ్మీ, కథ మాత్రం రాయి. ఇంకొకడు నా లెక్క కావద్దు’ అన్నాడు. ఆయన మాట మీదే ఇది రాస్తున్నా. నేను డాక్టర్ను కాను. డాక్టర్లు మాకు విడమరచి చెప్పింది, మా కళ్ల ముందు జరిగింది మాత్రమే ఇక్కడ చెబుతున్నా.

పన్నెండు రోజులు తడిసిన పట్టీ

మేస్త్రి అన్నకు 2021 నుంచే కుడి గజ్జలో నొప్పి ఉండేది. తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగానికి రక్తం సరిగా అందక అది మెల్లగా చచ్చిపోయి కుంగిపోతుంది. డాక్టర్లు దీన్ని ఏవీఎన్‌ అంటారు. మందు అలవాటు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడటం దీనికి ముఖ్యమైన కారణాలు. కొందరికి ఏ కారణమూ దొరకదు. మన దేశంలో నడివయసు మగవాళ్లు తుంటి మార్పిడి దాకా రావడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

2022 నవంబర్‌లో సెలవు మీద వెళ్లి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్‌ చేయించుకున్నాడు. మూడో రోజే నడిపించారు. ఇంటికి పంపారు. కానీ కుట్ల దగ్గర తడి ఆరలేదు. పన్నెండు రోజుల దాకా పట్టీ తడుస్తూనే ఉంది. ఫోన్‌ చేసి అడిగితే ‘కొందరికి అట్లనే ఉంటది, ఆరిపోతది’ అని జవాబు వచ్చింది. నిజంగానే ఆరిపోయింది. అందరూ మరిచిపోయారు.

మరిచిపోకూడని సంగతి అదేనని ఇప్పుడు తెలిసింది. కీలు మార్పిడి తర్వాత కుట్ల నుంచి అయిదు నుంచి ఏడు రోజులు దాటి నీరు కారుతూ ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లోపలి నీరు బయటకు వచ్చే దారి ఉందంటే బయటి క్రిమి లోపలికి పోయే దారి కూడా ఉన్నట్టే. ఫోన్‌లో అడిగి ఊరుకోకుండా ఆపరేషన్‌ చేసిన డాక్టర్‌కే కళ్లతో చూపించాలి.

‘ఇంత పెద్ద ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్‌ ఎట్ల వస్తది?’ అని చాలామంది అడుగుతారు. నేటి తుంటి మార్పిడికి దారి చూపింది ఇంగ్లండ్‌ డాక్టర్‌ జాన్‌ చార్న్‌లీ. 1962లో రైటింగ్‌టన్‌ ఆస్పత్రిలో ఆయన మొదలుపెట్టిన పద్ధతి మీదే నేటికీ ఈ ఆపరేషన్‌ నడుస్తోంది. తొలి రోజుల్లో ఆయన రోగుల్లోనే నూటికి ఏడుగురి దాకా ఇన్ఫెక్షన్‌ వచ్చేది. ఆపరేషన్‌ గదిలో గాలిని వడకట్టే ఏర్పాటు, డాక్టర్లకు ప్రత్యేక దుస్తులు పెట్టాక అది నూటికి ఒకరి కంటే కిందికి దిగింది. ఇవాళ మంచి ఆస్పత్రుల్లో నూటికి ఒకరిద్దరికి వస్తుందంటారు. సున్నా మాత్రం ఎక్కడా లేదు. వచ్చిందంటే ప్రతిసారీ ఎవరో తప్పు చేశారనీ కాదు. కానీ వచ్చినప్పుడు తొందరగా కనిపెట్టకపోవడం మాత్రం తప్పే.

స్టోర్‌ రూంలో దాచుకున్న నొప్పి

2023 ఏప్రిల్‌లో మేస్త్రి అన్న మళ్లీ దుబాయ్‌ వచ్చాడు. పైకెక్కే పని వద్దని మా ఇంజినీర్‌తో మాట్లాడి టూల్‌ స్టోర్‌లో కూర్చోబెట్టించాం. ఏడు నెలలు బాగానే గడిచాయి. నవంబర్‌లో కుంటడం మొదలైంది.

‘ఏందన్నా, కాలు ఈడుస్తున్నవ్‌?’ అంటే ‘ఏం లేదు తమ్మీ, చలికి జర పట్టేసింది’ అనేవాడు. దుబాయ్‌ నవంబర్‌లో చలి ఎంతుంటదో మనందరికీ ఎరికే!

నిజానికి నొప్పి రాత్రిపూట ఎక్కువ. నడిచినప్పుడే కాదు, మంచం మీద కదలకుండా పడుకున్నా గజ్జలో, తొడలో లాగేది. డాక్టర్లు ఈ తేడాను ముఖ్యంగా అడుగుతారు. కుర్చీలోంచి లేచి నాలుగు అడుగులు వేసేటప్పుడు మాత్రమే వచ్చే నొప్పి అయితే వేసిన కీలు వదులైందేమో అని చూస్తారు. విశ్రాంతిలో కూడా వదలని నొప్పి, రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి అయితే ముందు ఇన్ఫెక్షన్‌ను అనుమానిస్తారు. ఆపరేషన్‌ తర్వాత ఒక్కరోజు కూడా పూర్తిగా నొప్పి లేకుండా గడవలేదన్నా అదే అనుమానం.

జ్వరం లేదు కదా అని మేము ధైర్యంగా ఉన్నాం. అది పెద్ద పొరపాటు. ఆపరేషన్‌ అయిన కొత్తల్లో వచ్చే ఇన్ఫెక్షన్‌కు జ్వరం, ఎరుపు, వాపు, చీము కనిపిస్తాయి. నెలలు గడిచాక మెల్లగా ముదిరే ఇన్ఫెక్షన్‌లో చాలామందికి జ్వరమే ఉండదు. ఒక్క నొప్పే ఉంటుంది. తెల్ల రక్తకణాల లెక్క కూడా మామూలుగానే రావచ్చు.

క్యాంపు దగ్గర క్లినిక్‌లో ఎక్స్‌రే తీశారు. ‘కీలు సరిగ్గా కూర్చుంది’ అన్నారు. నొప్పి గోలీలు రాసిచ్చారు. ఎక్స్‌రేలో కనబడేది ఎముక, లోహం. మొదట్లో ఇన్ఫెక్షన్‌ అందులో కనబడకపోవచ్చు. ఎముకకూ లోహానికీ మధ్య సందు ఏర్పడ్డాక, ఎముక తినేశాక గానీ తెలియదు. గోడ లోపల పైపు లీకైతే పెయింట్‌ ఉబ్బేదాకా తెలియనట్టే. ఎక్స్‌రే బాగుందంటే ఇన్ఫెక్షన్‌ లేదని అర్థం కాదు.

2.4 అంటే ఎంత?

2024 జనవరిలో నొప్పి ఎక్కువైంది. ‘అన్నా, ఆపరేషన్‌ తర్వాత రక్తపరీక్ష ఏమన్న చేసిన్రా?’ అని అడిగాను. వాళ్ల కొడుకు ఇంటి దగ్గరి నుంచి ఫొటో పంపాడు. 2023 ఏప్రిల్‌లో, విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందు ఊళ్లో ల్యాబులో చేయించింది. హడావిడిలో ఆ కాగితం ఏ డాక్టర్‌కూ చూపించలేదు. సీఆర్‌పీ 2.4 అని ఉంది. ఫొటోలో కుడిపక్క కాలమ్‌ తెగిపోయింది.

నేను నెట్‌లో చూశాను. సీఆర్‌పీ 10 దాటితే అనుమానించాలని ఉంది. 2.4 ఎక్కడ, 10 ఎక్కడ! ‘నార్మలే అన్నా’ అన్నాను.

కొలత యూనిట్‌ చూడలేదు. నెట్‌లో చెప్పిన 10 లీటరుకు మిల్లీగ్రాముల లెక్క. ఊళ్లో ల్యాబు ఇచ్చింది డెసీలీటరుకు మిల్లీగ్రాముల లెక్క. లీటరు లెక్కలోకి మార్చాలంటే పదితో గుణించాలి. అంటే ఆయన సీఆర్‌పీ 2.4 కాదు, 24. ఆపరేషన్‌ అయి అయిదు నెలలు గడిచినా 24 ఉంది. డ్రాయింగ్‌లో మిల్లీమీటర్‌కూ సెంటీమీటర్‌కూ తేడా చూడని ఫోర్‌మన్‌ను నేను ఊరుకుంటానా? నన్ను నేను ఏమనుకోవాలి?

సీఆర్‌పీ అంటే ఒంట్లో ఎక్కడైనా వాపు, ఇన్ఫెక్షన్‌ ఉంటే కాలేయం తయారుచేసే ఒక ప్రొటీన్‌. ఆపరేషన్‌ తర్వాత రెండు మూడు రోజులకు బాగా పైకి పోతుంది. తర్వాత కొన్ని వారాల్లో, మహా అయితే రెండు నెలల్లో మామూలుకు దిగాలి. దిగకపోయినా, దిగి మళ్లీ పెరిగినా అనుమానించాలి. దీనికి తోడు ఈఎస్‌ఆర్‌ అనే ఇంకో పరీక్ష ఉంది. సన్నని గొట్టంలో రక్తం నిలబెడితే గంటలో ఎర్ర కణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. ఇది ఆపరేషన్‌ తర్వాత మామూలు కావడానికి నెలలు పడుతుంది. పాత కీలు విషయంలో సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు, ఈఎస్‌ఆర్‌ గంటకు 30 మిల్లీమీటర్లు దాటితే ముందుకు వెళ్లి చూడాలంటారు.

రెండు మాటలు గుర్తుంచుకోవాలి. దగ్గు, జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్‌, కీళ్లవాతం ఉన్నా ఇవి పెరుగుతాయి. కాబట్టి పెరిగినంత మాత్రాన కీలులోనే ఉందని కాదు. అలాగే కొన్ని మెల్లగా పెరిగే క్రిములు ఉన్నప్పుడు రెండూ మామూలుగానే రావచ్చు. కాబట్టి నొప్పి వదలకపోతే రక్తపరీక్ష బాగుందని ఆగిపోకూడదు.

గోలీ చేసిన మోసం

ఆ జనవరిలోనే తొడ పైభాగం కొంచెం వెచ్చబడింది. నా పెట్టెలో ఇంటి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్‌ గోలీలు ఉన్నాయి. పంటి నొప్పి వస్తే పనికొస్తాయని ఊళ్లో మెడికల్‌ షాపులో చీటీ లేకుండా కొన్నవి. ‘అయిదు రోజులు వేసుకో అన్నా’ అని ఇచ్చాను. తగ్గింది! ఇద్దరం సంతోషపడ్డాం. నెల తిరగకముందే మళ్లీ వచ్చింది. ఫిబ్రవరి ఆఖర్లో ఇంకో కోర్సు ఇచ్చాను. మళ్లీ తగ్గింది.

మార్చిలో ఇక బాత్రూం దాకా కూడా నడవలేకపోయాడు. అప్పుడు ఇన్సూరెన్స్‌ కార్డు పట్టుకుని ఎముకల స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. కేరళ ఆయన, హిందీలో చక్కగా మాట్లాడాడు. రక్తపరీక్షలు చేయించాడు. ఈఎస్‌ఆర్‌ 62, సీఆర్‌పీ 28. ఈసారి యూనిట్‌ చూశాను, లీటరు లెక్కే. ‘కీలులోంచి నీరు తీసి చూడాలి’ అన్నాడు. తీసే ముందు ‘ఈ మధ్య యాంటీబయాటిక్‌ ఏమైనా వాడారా?’ అని అడిగాడు. మేస్త్రి అన్న నా మొహం చూసి ‘లేదు సార్‌’ అన్నాడు. నా పేరు బయటికి రాకూడదని. నేనూ నోరు మెదపలేదు.

సూది వేసి నీరు తీస్తేనే

తుంటి కీలు మోకాలిలా చర్మం కిందనే ఉండదు. కండల కింద లోతుగా ఉంటుంది. అందుకని స్కానింగ్‌లో గానీ, ఎక్స్‌రే తెర మీద గానీ చూస్తూ, మత్తు ఇంజక్షన్‌ ఇచ్చి పొడవాటి సూదితో నీరు తీస్తారు. పావుగంట, అరగంట పని. ‘సూది వేస్తే లేని ఇన్ఫెక్షన్‌ వస్తది’ అని క్యాంపులో కొందరు భయపెట్టారు. శుభ్రంగా చేస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. చేయించకపోతే నష్టం చాలా ఎక్కువ.

తీసిన నీటిని రెండు రకాలుగా పరీక్షిస్తారు. ఒకటి, అందులో తెల్ల కణాలు ఎన్ని ఉన్నాయి, వాటిలో న్యూట్రోఫిల్స్‌ ఎంత శాతం అన్న లెక్క. పాత కీలులో మైక్రోలీటరుకు 3 వేలు దాటితే, న్యూట్రోఫిల్స్‌ 80 శాతం దాటితే గట్టి అనుమానం. రెండోది కల్చర్‌. అంటే ఆ నీటిలో ఏ క్రిమి ఉందో పెంచి చూడటం. ఇది తొందరపడితే అయ్యే పని కాదు. కొన్ని క్రిములు రెండు మూడు రోజుల్లో బయటపడతాయి, కొన్నింటికి పది రోజులు దాటుతుంది. అందుకే 14 రోజుల దాకా ఉంచమంటారు. మన క్యూబు 28 రోజులు నీళ్లలో ఉండాల్సిందే కదా. ఇదీ అంతే.

మూత్ర పరీక్షలో రంగు మారే పట్టీ ఉంటుంది. దాన్నే కీలు నీటిలో పెట్టి తెల్ల కణాల జాడ నిమిషాల్లో చూసే పద్ధతి కూడా ఉంది. ఆల్ఫా డిఫెన్సిన్‌ అనే ఇంకో పరీక్ష మంచిదేగానీ ఖరీదైనది, అన్ని చోట్లా దొరకదు.

మేస్త్రి అన్న నీటిలో కణాలు 4,800. న్యూట్రోఫిల్స్‌ 84 శాతం. కానీ 14 రోజులు గడిచినా కల్చర్‌లో ఏ క్రిమీ రాలేదు!

డాక్టర్‌ కాగితాలు ముందు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ‘ఇన్ఫెక్షన్‌ ఉంది. క్రిమి దొరకడం లేదు. నిజం చెప్పండి, ఏమైనా మింగారా?’ అని మళ్లీ అడిగాడు. ఇక దాచలేకపోయాను. ‘సార్‌, నేనే ఇచ్చాను. రెండుసార్లు. రెండోది అయిపోయి పది రోజులు కూడా కాకముందే మీ దగ్గరికి వచ్చాం’ అని తల దించుకుని చెప్పాను.

ఆయన కోప్పడలేదు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. క్రిములు లోహం మీద అంటుకుని తమ చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. బయోఫిల్మ్‌ అంటారు. గోలీ వేసుకుంటే నీటిలో తేలే క్రిములు చస్తాయి, నొప్పి తగ్గుతుంది. పొర కింద ఉన్నవి బతికే ఉంటాయి. గోలీ ఆపగానే మళ్లీ మొదలు. ఆ మధ్యలో నీరు తీస్తే అందులో క్రిమి దొరకదు. క్రిమి దొరక్కపోతే ఏ మందుకు అది చస్తుందో తెలియదు. అందుకే నీరు తీసే ముందు కనీసం రెండు వారాలు యాంటీబయాటిక్‌ ఆపమంటారు. అయితే ఒక మాట. ఆపడం, మొదలుపెట్టడం రెండూ డాక్టర్‌ చెప్పినట్టే జరగాలి. చలిజ్వరంతో మనిషి పడిపోయే పరిస్థితి ఉంటే రెండు వారాలు ఆగడం ప్రాణానికే ముప్పు.

ఏ గోలీ లేకుండా ఉంచి ఏప్రిల్‌లో మళ్లీ నీరు తీశారు. ఆరో రోజు క్రిమి పెరిగింది. స్టెఫైలోకాకస్‌ ఎపిడెర్మిడిస్‌. మన అందరి చర్మం మీదా ఉండేదే. చర్మం మీద ఉంటే ఏమీ చేయదు. లోహం దొరికితే ఇల్లు కట్టుకుంటుంది. ఆపరేషన్‌ గాయంలోంచే పోయి ఉండొచ్చన్నారు. ఆ పన్నెండు రోజుల తడి పట్టీ నాకు అప్పుడు గుర్తొచ్చింది.

లెక్క వేసి తేలుస్తారు

కీలులో ఇన్ఫెక్షన్‌ ఉందా లేదా అని ఒకే ఒక్క పరీక్షతో తేల్చే మార్గం లేదు. అందుకే నిపుణులు కలిసి ఒక లెక్క పెట్టుకున్నారు. అమెరికాలో 2011లో ఒకటి వచ్చింది. 2013లో ఫిలడెల్ఫియాలో చాలా దేశాల నిపుణులు కూర్చుని దాన్ని సవరించారు. 2018లో మార్కుల పద్ధతి వచ్చింది. 2021లో యూరప్‌ నిపుణులు తమ పద్ధతి ప్రకటించారు.

2018 పద్ధతి ప్రకారం రెండు సంగతుల్లో ఏ ఒక్కటి ఉన్నా ఇన్ఫెక్షన్‌ ఖాయం. కీలు లోపలి నుంచి చర్మం దాకా చీము కారే రంధ్రం పడటం ఒకటి. వేర్వేరుగా తీసిన రెండు శాంపిల్స్‌లో ఒకే క్రిమి దొరకడం రెండోది. ఈ రెండూ లేకపోతే మార్కులు వేస్తారు. సీఆర్‌పీ పెరిగితే 2, ఈఎస్‌ఆర్‌ పెరిగితే 1, కీలు నీటిలో తెల్ల కణాలు పెరిగితే 3, న్యూట్రోఫిల్స్‌ శాతం పెరిగితే 2. ఇంకా మరికొన్ని ఉన్నాయి. మొత్తం 6 దాటినా, 6 వచ్చినా ఇన్ఫెక్షన్‌ ఉన్నట్టే. 2 నుంచి 5 వస్తే ఇంకా తేల్చాలి. మేస్త్రి అన్నకు కల్చర్‌ రాకముందే 8 వచ్చాయి.

‘మరి పెద్ద మిషన్‌ స్కాన్‌ తీస్తే తెలియదా?’ అని అడిగాను. ఎముకల స్కాన్‌ (బోన్‌ స్కాన్‌) ఆపరేషన్‌ అయిన ఏడాది దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా మామూలుగానే వెలుగుతుందట. కీలు వదులైనా వెలుగుతుంది. కాబట్టి అది ఒక్కటే చూసి చెప్పలేరు. ఖరీదైన స్కాన్‌ కంటే ముందు చేయాల్సింది చవకైన రెండు రక్తపరీక్షలు, ఒక సూది.

తీసి మళ్లీ వేయాల్సి వచ్చింది

ఆపరేషన్‌ అయిన నాలుగు వారాల లోపు, లేదా కొత్తగా లక్షణాలు మొదలైన మూడు వారాల లోపు పట్టుకుంటే, కీలు తెరిచి కడిగి, ప్లాస్టిక్‌ భాగం మార్చి, యాంటీబయాటిక్స్‌తో లోహాన్ని కాపాడే అవకాశం ఉంటుంది. జిగురు పొర గట్టిపడ్డాక ఆ దారి మూసుకుపోతుంది. మేస్త్రి అన్నకు మూసుకుపోయింది.

2024 మేలో హైదరాబాద్‌ వెళ్లాడు. వేసిన కీలు మొత్తం తీసేశారు. అయిదు చోట్ల నుంచి కండ ముక్కలు తీసి కల్చర్‌కు పంపితే నాలుగింటిలో అదే క్రిమి వచ్చింది. ఇక అనుమానమే లేదు. ఏ మందుకు అది లొంగుతుందో ముందే తెలుసు కాబట్టి ఆ మందు కలిపిన సిమెంట్‌తో తాత్కాలిక కీలు పెట్టారు. అవును, సిమెంటే. మనం వాడేది కాదు, ఎముకల సిమెంట్‌. ఆరు వారాలు మందులు. సెప్టెంబర్‌లో కొత్త కీలు వేశారు. నాలుగు నెలలు మంచం, వాకర్‌. బిడ్డ పెళ్లికి దాచుకున్న పైసలు అటే పోయినయి.

ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. చేతికర్రతో నడుస్తాడు. సీఆర్‌పీ మామూలుకు వచ్చింది. మళ్లీ గల్ఫ్‌ మాట ఎత్తడు. నేను ఫోన్‌ చేసి తప్పైందన్నా అంటే ‘నువ్వు మంచికే ఇచ్చినవ్‌ తమ్మీ. నేను సుత దాచిన కదా’ అంటాడు. ఆ మాట వింటే నాకు ఇంకా బరువెక్కుతుంది.

ఉద్యోగం పోతుందన్న భయం

ఎందుకు దాచావని అడిగితే ఒకే మాట చెప్పాడు. ‘అన్‌ఫిట్‌ అని ఇంటికి పంపుతరని.’ ఇది ఆయన ఒక్కడి భయం కాదు. మనందరిదీ.

యూఏఈలో వీసా మెడికల్‌లో ప్రధానంగా చూసేది హెచ్‌ఐవీ, టీబీ లాంటి రోగాలు. తుంటిలో కీలు ఉందని, కాలు నొప్పి ఉందని వీసా ఆగదు. 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్‌ దాటిన వాళ్లకు ఏడాదికి 90 రోజుల సిక్‌ లీవ్‌ ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులు జీతం ఉండదు. జబ్బు సంగతి మూడు రోజుల లోపు కంపెనీకి తెలపాలి, డాక్టర్‌ కాగితం ఇవ్వాలి. నొప్పి దాచి నెలలు ఈడ్చడం కంటే మొదటి నెలలోనే కాగితం మీద పెట్టడం మేలు. మొదట్లోనే పట్టుకుంటే ఒక చిన్న ఆపరేషన్‌తో పోయేది, దాస్తే రెండు పెద్ద ఆపరేషన్లు, ఉద్యోగం రెండూ పోతాయి.

ఇవి గుర్తుంచుకోండి

* తుంటి, మోకాలు మార్పిడి చేయించుకుని వచ్చేవాళ్లు డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్‌ నోట్స్‌, కీలు డబ్బా మీది స్టిక్కర్లు, ఆపరేషన్‌ తర్వాతి ఎక్స్‌రే, ఈఎస్‌ఆర్‌, సీఆర్‌పీ రిపోర్టులు వెంట తెచ్చుకోండి. ఫోన్‌లో పూర్తి కాగితం ఫొటో ఉంచుకోండి. కాలమ్‌ తెగకుండా!

* రిపోర్టులో అంకె చూసేముందు యూనిట్‌ చూడండి. అంతకంటే మంచిది, డాక్టర్‌కు చూపించండి.

* కుట్లు వారం దాటి తడుస్తున్నా, మానిన గాయం మళ్లీ తెరుచుకున్నా, రాత్రి నొప్పి వదలకపోయినా ఆగొద్దు. చలిజ్వరం, చీము ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

* ఎవరి పెట్టెలోని యాంటీబయాటిక్‌నూ మింగొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. ఇప్పటికే మింగి ఉంటే డాక్టర్‌కు దాచొద్దు. పేరు, ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపారు, అన్నీ చెప్పండి.

* ట్రమడాల్‌ లాంటి నొప్పి మందులు యూఏఈలో నియంత్రిత మందులు. డాక్టర్‌ చీటీ, ఇక్కడి ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా బ్యాగులో తెస్తే జైలుపాలయ్యే ప్రమాదం ఉంది.

* షుగర్‌ అదుపులో పెట్టుకోండి, సిగరెట్‌ మానండి. కాలి పుండు, పంటి చీము, మూత్రంలో మంట ఉంటే వెంటనే చూపించండి. అక్కడి క్రిమి రక్తంలో కలిసి, ఏళ్ల కిందట వేసిన కీలుకు కూడా చేరుతుంది.

మా క్యాంపులో ఇప్పుడు నా పెట్టెలో యాంటీబయాటిక్‌ గోలీలు లేవు. ఎవరైనా వచ్చి ‘అన్నా, ఓ గోలీ ఉంటే ఇయ్యి’ అంటే ముందు ‘ఎన్ని రోజుల సంది? ఎక్కడ నొప్పి? ఇంతకు ముందు ఆపరేషన్‌ ఏమన్న అయిందా?’ అని అడుగుతున్నా. తర్వాత ఇన్సూరెన్స్‌ కార్డు తీయమంటున్నా. అవసరమైతే బండిలో ఎక్కించుకుని నేనే తీసుకెళ్తున్నా. మేస్త్రి అన్నకు ఆ పని జనవరిలోనే చేయాల్సింది.

– ఒక సైట్‌ సూపర్‌వైజర్‌, దుబాయ్‌